పలకల మీద రాసిన లినక్స్

కరోనా గొడవ సద్దుమణిగిన ఏడాది జూన్ నెలలో నన్ను మార్కాపురంలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే ఒక శిక్షణ కేంద్రానికి సీనియర్ ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. అప్పటికి నా రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. సీనియర్ ఇన్‌స్ట్రక్టరంటే పాఠం చెప్పడంతో అయిపోదు, ల్యాబు ఇన్‌చార్జి కూడా తనే. ఏ మిషను నడుస్తోంది, ఏది నడవడం లేదు అన్నదానికి సంతకం నాది. ఆ సంతకం ఒకసారి నన్నెలా పరుగు పెట్టించిందో చెప్తాను. పుణెలో ఉన్న మా మనవరాలు చిట్టి మొన్న ఫోన్లో "అవ్వా, నువ్వు నిజంగానే లినక్స్ నేర్పించావా?" అని నవ్వింది, దానికి ఇదే జవాబు అనుకోండి.

ల్యాబులో పది కంప్యూటర్లు. తలా ఒక ఆఫీసు నుంచి, తలా ఒక వయసులో మా దగ్గరికి చేరాయి. అన్నిట్లోనూ లినక్సే, కానీ ఒకే రకం కాదు. జొన్నపిండి ఒకటే అయినా ఏ ఇంటి రొట్టె ఆ ఇంటిదే కదా. లినక్స్‌ను ఒక్కొక్కరు ఒక్కో తీరున కూర్చి, పేరు పెట్టి ఇస్తారు. దాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. మా దగ్గర డెబియన్, ఫెడోరా, ఉబుంటు ఉండేవి. ఉబుంటులో మళ్ళీ పాత ఎడిషన్, కొత్త ఎడిషన్. పిల్లలు తికమక పడకూడదని నేను పది మిషన్లకూ ఒకే ముఖం పెట్టించాను. తెర మీద అదే బొమ్మ, ఎడమపక్క అవే గుర్తులు. ఎక్కడ కూర్చున్నా ఒకేలా ఉండేది. నాకు అదొక గొప్పగా ఉండేది.

మరి ఏది ఏదో తెలిసేదెలా? దానికి పలకలు తగిలించాం. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో వాటికి కొదవేముంది! ఒక్కో మిషను పక్కన మేకుకు దారం కట్టి ఒక పలక, దాని మీద సుద్దముక్కతో డిస్ట్రిబ్యూషన్ పేరు, ఎడిషన్. ఆ పలకలు తెచ్చింది సువార్త.

సువార్తది మార్కాపురం పక్కన పల్లె. పలకలు కోసే మిషను దగ్గర కూలికి పోయేది. ఆ మిషన్లోనే ఎడమచేతి నాలుగు వేళ్ళు పోయాయి, బొటనవేలు మిగిలింది. మా దగ్గర చేరినప్పుడు ఇరవై రెండేళ్ళు. కుడిచేత్తో రెండు చేతుల వాళ్ళకు దీటుగా టైపు చేసేది. ఇబ్బందల్లా షార్ట్‌కట్ల దగ్గరే వచ్చేది. కాపీకి కంట్రోల్, సీ. సేవ్‌కి కంట్రోల్, ఎస్. ఇవన్నీ కీబోర్డుకు ఎడమపక్కనుంటాయి. ప్రతిసారీ కుడిచెయ్యి అటు పోయి రావాలి.

అందుకని కీలు మార్చే ఒక చిన్న టూలు వెతికి పెట్టాను. స్పేస్ బార్ పక్కన ఎడమ ఆల్ట్ కీ ఉంటుంది, సరిగ్గా బొటనవేలి కింద. ఆ కీ పట్టుకుని జే నొక్కితే కాపీ, కే నొక్కితే పేస్టు, ఎల్ నొక్కితే సేవ్. ఏ కీ దేనికి మారాలో ఒక ఫైల్లో వరసగా రాసి పెడితే మిగతాది టూలు చూసుకుంటుంది. మొదటిరోజు సువార్త గంటసేపు తల ఎత్తలేదు. తర్వాత మెల్లగా, "టీచరమ్మా, నా బొటనేలికి ఉద్యోగమొచ్చినాది" అంది.

నిజమైన ఉద్యోగం దసరాకు ముందు కనబడింది. గిద్దలూరులో ఒక ట్రస్టు ఆసుపత్రి, రికార్డులు ఎక్కించే ఆపరేటరు పోస్టు ఒక్కటే ఒకటి. నైపుణ్య పరీక్ష వాళ్ళ మిషను మీదే పెడతారు. అక్కడ అన్నీ ఉబుంటు కొత్త ఎడిషన్. సహాయక టూలు వాడుకోవచ్చు, కానీ అది తమ ఎడిషన్ మీద నడుస్తుందని ల్యాబు ఇన్‌చార్జి పరీక్షించి రాసివ్వాలి. పరీక్షనాడు నడవకపోతే టూలు లేకుండానే రాయాలి, రెండో అవకాశం ఉండదు.

దసరా సెలవులు కాగానే చూద్దామన్నాను. సెలవులకు ముందురోజు ల్యాబులో ఆయుధ పూజ చేశాం. మా అటెండరు రంగమ్మ నాకంటే నాలుగేళ్ళు చిన్నది, చేసే పనిలో వంక పెట్టనివ్వదు. పలకలన్నీ దించి మిషన్లు తుడిచి బొట్లు పెట్టింది. పలకల మీది అక్షరాలు మాత్రం చెరగనివ్వలేదు. చదువుతల్లి ముందు దొంతర పెట్టి, పూజయ్యాక జాగ్రత్తగా మళ్ళీ తగిలించింది.

సెలవుల తర్వాత మంగళవారం 'ఉబుంటు కొత్తది' అని పలకున్న మిషను ముందు సువార్తను కూర్చోబెట్టాను. టూలు ఎక్కించాం. కాపీ, పేస్టు, సేవ్ అన్నీ చక్కగా నడిచాయి. మూడుసార్లు మిషను ఆపి వేసి చూశాను. ఉత్తరం రాసి, సంతకం చేసి, ముద్ర వేసి పంపించాను. పరీక్ష సోమవారం.

శుక్రవారం మధ్యాహ్నం సువార్తకు ఊరుకోబుద్ధి కాలేదు. మిగతా పలకల మీద కూడా టూలు నడుస్తుందో లేదో రాస్తానని ఫెడోరా పలకున్న మిషను దగ్గర కూర్చుంది. ఫెడోరాలో ఏదైనా ఎక్కించాలంటే డీఎన్ఎఫ్ అనే ఆదేశం ఇస్తారు. డెబియన్, ఉబుంటుల్లో అదే పనికి ఆప్ట్. కాసేపటికి నా దగ్గరికొచ్చింది.

"టీచరమ్మా, ఫెడోరా మిషను డీఎన్ఎఫ్ అంటే ఎవురో నాకు తెలీదంటాది."

"టైపు తప్పు కొట్టుంటావు."

"మూడుతూర్లు కొట్టినా. ఆప్ట్ అంటే మాత్రం పలికినాది."

ఫెడోరా ఆప్ట్‌కు పలకడమంటే, మా ఇంటి కుక్క పక్కింటి పేరుతో పిలిస్తే వచ్చినట్టే. ప్రతి లినక్స్‌లోనూ తన పేరు, ఎడిషన్ తానే రాసుకునే ఒక ఫైలుంటుంది, ఓఎస్-రిలీజ్ అని. తెరిచి చూశాను. డెబియన్ అని ఉంది. పక్క మిషన్లో చూశాను, పలక మీద ఉబుంటు కొత్తది, లోపల ఉబుంటు పాతది. పది మిషన్లూ వరసగా తెరిచి చూశాను. పలకలన్నీ తలకిందుల వరసలో ఉన్నాయి.

రంగమ్మను పిలిచి ఎట్లా తగిలించావని అడిగాను.

"వరసగానే తగిలించినా గదక్కా."

"ఏ వైపు నుంచి?"

"తూర్పు నుంచి. పూజ చేసినాక పడమటి నుంచి ఎవురన్నా మొదలుపెడతారా? నువ్వు చెప్పు."

నేను తలుపు దగ్గర నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. మా తలుపు పడమటి వైపుంది, అంటే నా మొదటి పలక చిట్టచివరి మిషనుకు చేరింది. ఆమె మీద కోపగించుకోవడానికి నాకేమీ దొరకలేదు. పది మిషన్లకూ ఒకే ముఖం పెట్టింది నేనే. లేకపోతే మంగళవారమే గుర్తుపట్టేదాన్ని.

అసలైన కొత్త ఉబుంటు తలుపు నుంచి తొమ్మిదో మిషన్లో ఉంది. అక్కడ టూలు ఎక్కింది, ఏ తప్పూ చూపలేదు, కానీ ఆల్ట్ పట్టి జే నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కారణం ఇది. పాత ఎడిషన్లో తెరను నడిపే పద్ధతిని ఎక్స్ అంటారు. అందులో ఒక కీ నొక్కితే పక్క ప్రోగ్రాములు కూడా వినగలవు. మా టూలు మధ్యలో విని, కీని మార్చి పంపేది. కొత్త ఎడిషన్లో వేలాండ్ అనే పద్ధతి వచ్చింది. ఎవరికి కొట్టిన కీ వాళ్ళకే చేరుతుంది. పాస్‌వర్డులు ఎవరూ దొంగచాటుగా వినకుండా ఆ కట్టుదిట్టం. మంచిదే, కానీ మా టూలు చెవులు కూడా మూసేసింది.

సువార్త మెల్లగా, "సోమవారం ఒంటిచేత్తోనే రాస్తాలే టీచరమ్మా, మీరు బాధపడబాకండి" అంది. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మస్తాన్‌కు ఫోన్ చేసి, నేను రాసిచ్చింది తప్పు అని చెప్పాను. పలకల సంగతి కూడా దాచలేదు. అవతల నవ్వు వినబడింది. "కంప్యూటర్లు చెడిపోయేదానికి శానా కారణాలు విన్నానమ్మా. తూర్పు దిక్కు అనేది ఇదే మొదులు" అన్నాడు. ఇంకో దారుంది నాయనా అన్నాను. కీబోర్డు మొత్తాన్నీ వినే అధికారాన్ని టూలుకు అడ్మిన్ పాస్‌వర్డుతో ఇస్తే వేలాండ్ మీద కూడా నడిచే రకాలున్నాయి. అతను ఒప్పుకోలేదు. రోగుల వివరాలుండే మిషన్లమ్మా, అట్ల ఇచ్చేదానికి లేదన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. వేరే దారి ఏదైనా దొరికితే ఆదివారంలోగా రాసి పంపమన్నాడు.

శనివారం పొద్దున్నుంచి ఇద్దరం తొమ్మిదో మిషను ముందే కూర్చున్నాం. లాగిన్ అవడం, బయటికి రావడం, మళ్ళీ లాగిన్ అవడం. ఎన్నోసారో, పాస్‌వర్డు అడిగే తెర మీద కింద కుడి మూలకు సువార్త వేలు పెట్టింది.

"ఈ పళ్ళచక్రం బొమ్మను మనం ఎప్పుడన్నా నొక్కినామా?"

నొక్కలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో పాస్‌వర్డు కొట్టి లోపలికి పోయే తొందరే తప్ప, ఆ మూలకు చూసిన పాపాన పోలేదు. నొక్కితే రెండు వరసలు వచ్చాయి. రెండోది ఎక్స్ పద్ధతిలో తెరవమనేది. పాత పద్ధతిని కొత్త ఎడిషన్లో కూడా ఒక మూల దాచి ఉంచారన్నమాట. దాన్ని ఎంచుకుని లోపలికి పోయి ఆల్ట్, జే నొక్కింది. కాపీ అయింది. ఆల్ట్, కే. అతికింది. రంగమ్మ వాకిట్లో నుంచే, "పలికినాదా?" అని అడిగింది.

ఆ రోజే రెండో ఉత్తరం పంపాను. మొదటిది చెల్లదని మొదటి వాక్యంలోనే రాశాను. డిస్ట్రిబ్యూషన్, ఎడిషన్‌తోపాటు తెర పద్ధతి కూడా రాశాను. పలక చూసి కాదు, ఓఎస్-రిలీజ్ ఫైలు అచ్చుతీసి జతచేశాను.

సోమవారం ఇద్దరం రైలెక్కాం. కంభం దాటేదాకా సువార్త ఒళ్ళో చెయ్యి పెట్టుకుని బొటనవేలితో లేని కీ నొక్కుతూనే ఉంది. ఆసుపత్రి గదిలో ఆరుగురు అభ్యర్థులు. మస్తాన్ ఆమెకొక మిషను చూపించి, ఇదే మీరు రాసిన ఎడిషన్ అన్నాడు. ఆమె వెంటనే కూర్చుని ఓఎస్-రిలీజ్ ఫైలు తెరిచింది.

"ఏందమ్మా, మిషన్ను పేరు అడుగుతాండావా?"

"అడక్కుండా నమ్మితే ఏమయినాదో మా టీచరమ్మకు తెలుసన్నా."

గదిలో వాళ్ళంతా నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. సువార్త లాగిన్‌లోంచి బయటికి వచ్చి పళ్ళచక్రం నొక్కి, ఎక్స్ ఎంచుకుని లోపలికి పోయింది. నలభై నిమిషాల పరీక్షలో అయిదు నిమిషాలు మిగిల్చి లేచింది. వారానికి ఉత్తరం వచ్చింది, పోస్టు ఆమెకే. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ ఉదంతం నేర్పింది ఒక్కటే. మిషను ఏమిటన్నది మిషన్నే అడగాలి. పక్కన తగిలించిన దాన్ని కాదు, పైన పెట్టిన ముఖాన్ని కాదు. సంతకం చేసే ముందు అయితే తప్పకుండా అడగాలి. ల్యాబులో మిషన్లకు ఒకే ముఖం పెట్టడం ఆ వారంతో మానేశాను. పలకలు మాత్రం తీసేయలేదు. పేర్లు చెరిపి, పదింటి మీదా ఒకే వరస రాయించాను, ఓఎస్-రిలీజ్ ఫైలు తెరిచే ఆదేశం. మరుసటి దసరాకు రంగమ్మ వాటిని దించి, పూజ చేసి, మళ్ళీ తూర్పు నుంచే తగిలించింది. ఈసారి ఏ పలక ఏ మిషనుకు పోయినా ఒకటే.