దిగుడుబావికి గోడ కట్టించిన సోమమ్మ

ఊరి దిగుడుబావి మెట్లకు అడ్డంగా గోడ కట్టించడం గొల్ల సోమమ్మ గెలిచిన మొదటి గెలుపు. ఆ గోడ ఊరికే లేవలేదు.

దేవరకొండ తాలూకాలోని ఆ ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే ఇంటికొకరు నారికురుపుతో మంచం పట్టేవారు. కాలి మీద బొబ్బ లేచి చితికితే అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. తెగిందా, కాలు మొత్తం చీము పట్టేది. నిప్పులో పెట్టినట్టు మండే ఆ కాలిని బావి మెట్ల మీద కూర్చుని నీళ్ళలో ముంచితే ప్రాణం లేచివచ్చేది. ఆ కాసేపటి చల్లదనం కోసం అందరూ మెట్లు దిగేవారు. పురుగు ఆ నీళ్ళలోనే తన పిల్లల్ని వదిలేది. ఆ నీళ్ళే ఊరంతా తాగేది.

ఈ సంగతి సర్కారు మనిషి ఒకాయన వచ్చి చెప్పిపోయాడు. చెవిన వేసుకున్నది సోమమ్మ ఒక్కతే. ఎందుకు వేసుకోదు? అంతకుముందు ఏడు సరిగ్గా గొర్రెలు ఈనే రోజుల్లో మోకాలి కింద పురుగు లేచి ఆమె మూలన పడింది. చూసే దిక్కులేక గొర్రెపిల్లలు ఆమె కళ్ళముందే చచ్చాయి.

1958 ఎండాకాలంలో ఆమె గొర్రెల్ని అదిలించే కట్టె పట్టుకుని పొద్దున్నే పై మెట్టు మీద నిలబడింది. పుండు కాలితో వచ్చిన ప్రతివాణ్ణీ ఆపింది. నీళ్ళు తానే ముంచి తెచ్చి బయట పోసింది.

"బాయేమన్న నీ అయ్యదా?" అన్నాడు గాలయ్య, కుంటుకుంటూ వచ్చి.

"మా అయ్యదైతే నీ రెండో కాలు గూడ ఇరగ్గొడ్తుంటి. ఊరిది గాబట్టి నోటితోని చెప్తున్న."

పటేలు రామచంద్రయ్య ఆమెను పిలిపించి తిట్టాడు. ఆడదానికి పెత్తనమేమిటన్నాడు. మరుసటి ఏడు పండుగకు వచ్చిపోయిన పటేలు అల్లుడికే కాల్లో పురుగు లేచింది. ఆ నెలలోనే రాళ్ళు వచ్చాయి, గోడ లేచింది, మీద గిరక బిగించారు. గొల్లల పిల్లలకు లేస్తే తలరాత, పటేలు అల్లుడికి లేస్తే రోగం! ఆ మాట సోమమ్మ పటేలు వాకిట్లో నిలబడి అన్నది.

గోడ తరువాత రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఊళ్ళో నారికురుపు లేదు. చంటిపిల్లల పొట్టమీద వాతలు పెట్టడం సోమమ్మే మాన్పించింది. అమ్మవారి టీకాలకు భయపడి గడ్డివాముల చాటున దాక్కున్నవాళ్ళను రెక్కపట్టి లాక్కొచ్చింది. ఆ తాలూకాలో ఇన్ని పనులు చేసిన మొగవాణ్ణి చూపించమనండి.

అయితే ఆమెకు తట్టనిది ఒకటుంది. ఆమె ఒక్కతికేనా, ఊరిలో ఎవరికీ తట్టలేదు. మెట్లున్నప్పుడు ముసలివాళ్ళు మెల్లగా దిగి, కూర్చుని, చిన్న ముంతతో ముంచుకునేవారు. గిరక వచ్చాక తాడు లాగే సత్తువ వాళ్ళకేది? ఎవరో ఒకరు పోస్తే పట్టుకోవాలి. పోయకపోతే నిలబడాలి.

1964 ఎండలకు గడ్డి మాడిపోతే సోమమ్మ, ఆమె పెనిమిటి గోపయ్య మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలసపోయారు. అంత దూరం నడవలేని అత్త బక్కమ్మను ఇంట్లో ఉంచి, రోజూ ఇన్ని నీళ్ళు పోయమని పక్కింటి పుష్పమ్మకు అప్పజెప్పారు. పుష్పమ్మ సరేనంది. బావి దగ్గర మాత్రం రోజూ ఒకటే మాట: "జర ఆగవ్వా, మావి నిండనీ."

బక్కమ్మ ఆగీ ఆగీ ఒకనాడు పాత మెట్లు దిగి ముంచుకుందామని గోడ ఎక్కింది. అవతల మెట్ల మీద పడింది. తుంటి విరిగింది.

కబురు అంది సోమమ్మ వచ్చేసరికి అత్తను ఇంటికి మోసుకుపోయి పడుకోబెట్టారు, బావి దగ్గర ఇంకా జనం ఉన్నారు.

"పుష్పీ, నీ కడవలెన్ని నిండితె మా అత్తకు ముంతెడు వస్తుండె?"

"నేనేం నూకిననా అక్కా? ముసల్ది ఆగకపాయె."

"నాలిక పిడచ కట్టినోళ్ళు ఎంత సేపాగుతరే?"

పటేలు మీసం తుడుచుకున్నాడు. "సూసినవా సోమీ, నీ గోడనే ముసల్దాన్ని పండవెట్టింది. తీసేసి మళ్ళ మెట్లు తెరుద్దం."

ఆ మాట ఆమెకు కారం చల్లినట్టు తగిలింది. అందులో సగం నిజమని ఆమెకు తెలుసు. అందుకే మరీ మండింది. ఇంటికి పోయి అత్తను బండి ఎక్కించింది.

దారిలో చూపించిన డాక్టరు చెయ్యి కూడా వెయ్యలేదు. "ఇంత వయసులో ఇంకేం నడుస్తుందమ్మా? ఇంటికి తీసుకుపోయి పండుకోబెట్టు."

"పండవెట్టనీకె నువ్వు చెప్పాల్నా సారూ?" అని బండిని పట్నం బస్సు వైపు తిప్పించింది.

పట్నం దవాఖానలో తీసుకున్నారు. బక్కమ్మ కాలికి పట్టీ వేసి, తాడు కట్టి, ఆ తాడును గిరక మీదుగా పోనిచ్చి బరువు వేలాడదీశారు. ముసలమ్మ దాన్ని ఎగాదిగా చూసింది.

"గీడ గూడ గిరకేనా కోడలా? నా మీదికే తోలుకొచ్చినవా దాన్ని?"

"నోర్మూస్కొని పండు అత్తా," అంది సోమమ్మ. అన్నాక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కొన్నాళ్ళకు మందను తమ్ముడికి అప్పగించి గోపయ్య వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "పటేలు వడ్డెరోళ్ళను పిలిపిచ్చిండు. గోడ కూలగొడ్తనంటుండు. ముసలోళ్ళ ఉసురు పోసుకోనని ఊరందరి ముంగట అంటుండు."

"ముసలోళ్ళ మీద గిప్పుడు ప్రేమ పుట్టిందా! మెట్లు తెరిస్తె మళ్ళ నారు లేస్తది. గప్పుడు గా ముసలోళ్ళు మంచాల మీదనే పోతరు." ఆమె గొంతుకు పక్క మంచాలవాళ్ళు ఇటు తిరిగారు. "గా బాయి కాడ గొర్లకు తొట్టి లేదా? ఎవలు చేదినా ముందుగాల గా తొట్టిల పొయ్యరా?"

"పోస్తరు. నోరులేని జీవాలు గద."

"నోరున్నోళ్ళను మర్సిపోయినం మనం! నేను గూడ మర్సిన. థూ!" అంది. "ఇంకో తొట్టి కట్టుమను, కూసుంటె అందేటట్టు. మీద మూత, కింద తూము. ఎవలు తాడు వట్టినా తొలి బొక్కెన గా తొట్టిలనే పొయ్యాలె. పుష్పమ్మకు పేరు వెట్టి చెప్పు. వడ్డెరోళ్ళొచ్చిన్రు గద, గా పని చెయ్యమను."

"పటేలు ఇనకపోతే?"

"గోడల ఒక్క రాయి కదిలినా, అత్తను మంచంతోని తీస్కపోయి పటేలు వాకిట్ల దించుత. గడప దాటేటప్పుడు రోజు సూస్తడు."

గోపయ్యకు ఆ మాట మోయడం కష్టమే. అయినా పంచె బిగించి లేచాడు. "నువ్వెప్పుడొస్తున్నవంటే ఏం చెప్పాలె? దినం చెప్తేనే వాళ్ళు ఆగుతరు."

అత్త కాలి బరువు తీసి ఇంటికి ఎప్పుడు పంపుతారో సోమమ్మ ఆ పొద్దున్నే నర్సమ్మను గట్టిగా నిలదీసి తెలుసుకుంది. ఆ దినమే చెప్పి పంపింది: జూన్ ఇరవై అయిదు, గురువారం.