వడ్డీ లేదంటే సూరిబాబు గారు నమ్మరు

నిన్న అటక మీది నుంచి కురిడీకాయ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. లోపల ఎండిన కొబ్బరి గుండు చిప్ప వదిలి డొల్లుతూ టకటకమంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఎవరో అమ్మాయి. "మేడమ్, మీ క్రెడిట్ కార్డు బాకీ మా బ్యాంకుకి మార్చుకోండి, ఆరు నెలలు అసలు వడ్డీయే ఉండదు," అంది. ఆ చప్పుడూ ఈ మాటా కలిసి ఒక్కసారే చెవిన పడేసరికి, మలికిపురంలో కొబ్బరి కొట్టు అరుగు మీద కాలు మీద కాలేసుకుని కాయలు ఆడించి చూసే సూరిబాబు గారు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అయింది.

ఆయన దగ్గర నేను చాలా ఏళ్లు లెక్కలు రాశాను. ఆయన అనుమానానికి చుట్టుపక్కల పెద్ద పేరు. రాశిలో ప్రతి కాయా ఆడించి చూస్తే తప్ప నిద్రపట్టేది కాదు. ఎవరైనా పెళ్లికి పిలిచి వెళ్లగానే నా వైపు తిరిగి, "ఎందుకు పిలిచేడంటావు?" అనేవారు. నేను చేరిన కొత్తలో నన్నూ అలాగే చూశారు. పాస్టరు గారి సిఫారసు ఉత్తరం తీసుకెళ్తే వెనక్కి తిప్పి కూడా చూశారు. ఈ మనిషి దగ్గర నెల కూడా ఉండలేననుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక, మా ఆయన స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. కాకినాడలో ఆపరేషనన్నారు. ఆ మధ్యే రాజమండ్రి నుంచి ఏజెంటొకడు కొట్టుకి వచ్చి అంటగట్టిపోయిన కార్డు నా దగ్గరుంది. అదే గీయించాను. ఆయన లేచి నడిచారు గాని, ఆ బాకీ మాత్రం కదల్లేదు. నెలనెలా కట్టింది వడ్డీకే పోయేది. రాజోలులో నా జీతంతో కొనుక్కున్న రెండు సెంట్ల స్థలం అమ్మేద్దామని మా ఆయన అన్నారు. ఆ స్థలం నా ప్రాణం. అలాంటి రోజుల్లో ఇంకో బ్యాంకు వాళ్లు, మీ బాకీ మేం తీరుస్తాం, ఆర్నెల్లు వడ్డీ లేకుండా మాకు కట్టుకోండి అంటే, దేవుడే పంపాడనుకున్నాను.

సూరిబాబు గారు మాత్రం ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"వడ్డీ లేదన్నాడా? మరి ఆడేం తింటాడమ్మా?"

"మార్చినందుకు కొంత రుసుం తీసుకుంటారండి."

"అది టిఫినుకి. భోజనం ఎక్కడ పెట్టుకున్నాడో చూడు. నెలకి కనీసం ఎంత కట్టమన్నాడు?"

చెప్పాను. చాలా చిన్న మొత్తం. ఆయన మొహం ఇంకా ముడుచుకుంది. "అదే కడతా కూర్చుంటే ఆర్నెల్లకి ఎంత మిగులుద్దో లెక్కెయ్యి," అన్నారు. వేశాను. బాకీలో ముప్పావు వంతు అలాగే ఉంది, గడువు దాటాక దానికి పాత వడ్డీ కంటే ఎక్కువే. "ఆయ్, అదీ ఆడి భోజనం. కనీసమన్నది నువ్వు తీర్చుకోడానికి కాదమ్మా, మాట తప్పలేదనిపించుకోడానికి. తీర్చాలంటే బాకీని ఆరు భాగాలు చేసి కట్టు," అన్నారు. అలాగే కట్టడం మొదలుపెట్టాను.

దసరాకి బోనసిచ్చారు. సంతోషంతో రెండు నెలల భాగం ఒకేసారి కట్టేసి, తర్వాతి నెల ఊరుకున్నాను. మా కొట్టులో అదే పద్ధతి మరి. కాయ మాకే వేస్తానని ముందుగా డబ్బు బయానా తీసుకున్న రైతు, చెట్లు దింపించినప్పుడు ఒక దింపులో కాయ ఎక్కువేస్తే, వచ్చే దింపులో తగ్గినా అడిగేవాళ్లం కాదు. ఒకరోజు సూరిబాబు గారు ఉన్నట్టుండి అడిగారు.

"ఈ నెల కట్టేవా?"

"పోయిన నెలే రెట్టింపు కట్టేనండి. దానికి సరిపోద్ది."

"ఎవరు చెప్పేరు?"

"మన దగ్గర అంతే కదండీ."

ఆయన చేతిలో కాయ కింద పెట్టేశారు. "మన దగ్గరిది నేను పెట్టిన పద్ధతమ్మా. ఆడి దగ్గర ఆడి పద్ధతే. ఫోన్ చెయ్యి."

చేశాను. ఏ నెల కనీస మొత్తం ఆ నెల కట్టాల్సిందేనట, ముందు నెల ఎంత కట్టినా సంబంధం లేదట. రేపు సాయంత్రంలోగా డబ్బు అందకపోతే వడ్డీ లేదన్న మాట రద్దు, మిగిలిన బాకీ అంతటికీ పూర్తి వడ్డీ. నా స్థలం పోయినట్టేననుకున్నాను.

మర్నాడు రాజమండ్రి వెళ్లే కొబ్బరి లారీలో నన్ను ఎక్కించి, ఆయనా ఎక్కారు. ఎందుకండీ మీకు శ్రమ అంటే, "రసీదు మీద ముద్ర వేస్తాడో లేదో," అన్నారు. కొత్తపేట దాటేదాకా బాగానే వెళ్లాం. రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డంపడి బండి కదల్లేదు. ఆయన దిగి, పంచె ఎగ్గట్టి, లారీల మధ్య నిలబడి అందరినీ కేకలేసి దారి చేయించారు. బ్యాంకు మూసేలోపు డబ్బు కట్టాం. ముద్ర వెయ్యలేదని ఆయన నిజంగానే దెబ్బలాడి వేయించారు. బయటికొచ్చాక నాకు ఏడుపు ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, ఇవన్నీ మీకెలా తెలుస్తాయండీ అని. రోడ్డు వైపు చూస్తూనే చెప్పారు.

"నేనూ ఇచ్చేవాణ్ణే కదమ్మా. బయానాకి వడ్డీ లేదంటాను. కాయ నాకే వెయ్యాలంటాను. ఒక్క దింపు పక్కోడికేస్తే ఆ రోజు నుంచి వడ్డీ వేస్తాను. ఆ సంగతి చివర్లో, మెల్లిగా చెప్తాను."

ఆ పద్దులన్నీ రాసేది నేనే. అయినా ఒక్కనాడూ అలా ఆలోచించలేదు.

ఆ వారమే పొరుగూరి రైతొకాయన బయానాకి వచ్చాడు. నేను డబ్బు లెక్కపెట్టబోతుంటే సూరిబాబు గారు ఆపారు. "ముందు షరతు చదువమ్మా. గట్టిగా." రైతు నవ్వేసి, "ఎందుకండీ, మీరుండగా!" అన్నాడు. "నేనున్నాననే చదవమంటున్నాను," అన్నారాయన. ఆనాటి నుంచి కొట్టులో అదే పద్ధతి. ఇద్దరు ముగ్గురు రైతులు విని లేచి వెళ్లిపోయారు కూడా. ఆయన తన కాయలు ఆడించుకుంటూ కూర్చున్నారు.

నా బాకీ గడువులోగానే తీరింది. ఆ రెండు సెంట్లలో కట్టుకున్న ఇల్లే ఇది. సూరిబాబు గారు పోయి చాలా కాలమైంది. ఆయన మీద నాకున్న ప్రేమను ఆయనకెప్పుడూ చెప్పలేదు. చెబితే ఎందుకు చెప్తోందా అని అనుమానపడేవారు.

నిన్న ఫోన్‌లో అమ్మాయితో, "కనీస మొత్తం కట్టకపోతే ఏమవుతుందో ముందు అది చదువమ్మా," అన్నాను. అవి మెయిల్లో వస్తాయంది. చదివితేనే మాట్లాడతానన్నాను. విసుగ్గా మొదలుపెట్టి, చదివే కొద్దీ నెమ్మదించింది. చివరిదాకా విని, నాకు బాకీలేవీ లేవని చెప్పాను.

"మరెందుకండీ ఇంతసేపు చదివించేరు?" అంది కోపంగా.

"ఇప్పుడు నువ్వూ విన్నావు కదమ్మా," అన్నాను.