నల్లరంగు వేసిన డమ్మీ పిస్టల్

మే నెల మొదటి వారం. ఉదయం ఆరున్నర. కుందుర్పి దాటి పదకొండు కిలోమీటర్ల దూరంలో జీపు దిగాను. ఎర్ర కంకర నేల. ఇరవై రెండు గాలిమరలు. ఒక రేకుల గది, రెండు నీళ్ళ డ్రమ్ములు, మూడు మంచాలు. చెట్టు నీడ లేదు. మూడు నెలల డ్యూటీ. రాగి కేబుళ్ళకు కాపలా.

ఒక మాట ముందే చెప్పేస్తాను, ఆగలేకపోతున్నాను. నేను డిగ్రీ పాసయ్యాను. ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టి, పదిహేడేళ్ళు ఫౌజులో చేసి, ముప్పై ఎనిమిదేళ్ళకు దూరవిద్యలో బి.ఏ. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. ఆ వార్త నాకు ఆ గాలిమరల కిందే అందింది. అందుకే ఆ డ్యూటీ సంగతి వదిలేసి ఈ వార్త చెప్పలేను.

పోస్టులో ముగ్గురం. ముగ్గురం మాజీ సైనికులమే. సూపర్‌వైజరు పామిడి మనిషి, సుబేదారుగా రిటైరయ్యాడు. రెండో ఆయన సిగ్నల్స్‌లో పనిచేశాడు. వయసులో పెద్ద, అన్నా అనేవాణ్ణి. చేతుల్లో లాఠీలు. రెండో వారంలో బొలెరోలో వచ్చిన దొంగలు పక్క సైటు కాపలాదారు చెయ్యి విరగ్గొట్టి కేబులు ఎత్తుకుపోయారు.

"కట్టె పట్టుకోని బొలెరోను ఆపేదా మనం?" అన్నాడు సుబేదారు. "లైసెన్సు తుపాకి అంటే యాడాది పడతాది. అనంతపురం పోయి ఒక డమ్మీ పిస్టల్ తీసుకోని రాప్పా. ఐదు వేలు దాటితే కంపెనీ ఇయ్యదు. చూస్తేనే వాళ్ళకు గుండె జారల్ల."

అంగడిలో మూడు చూశాను. మూడూ పాత ఆర్మీ తొమ్మిది ఎం.ఎం. పిస్టల్‌కు నకళ్ళే. మొదటిది ప్లాస్టిక్. చేతిలో బరువే లేదు. రెండోది లోహమే గానీ పైన స్లైడు కదలదు. మూడోది గ్యాసుతో పసుపు ప్లాస్టిక్ గుండ్లు కొడుతుంది. స్లైడు వెనక్కి వస్తుంది. మ్యాగజైను ఊడుతుంది. బరువు దాదాపు అసలుదే. పిడి మీద గీత పడిందని అంగడి శెట్టి తగ్గించి ఇస్తానన్నాడు. తీసుకున్నాను.

"అన్నా, కొసన ఆరెంజి రంగు ముక్క ఉండాది చూడు, దాన్ని తియ్యాకు," అన్నాడు శెట్టి. "బొమ్మ అని తెలిసేది దాంతోనే."

ఫౌజులో ఒక అలవాటు పడుతుంది. ఒంటి మీద మెరిసేది ఏదీ ఉండకూడదు. బెల్టు బకిల్‌కూ టీ మగ్గుకూ కూడా మసి పూస్తాం. ఆ ఆరెంజి ముక్కను చూస్తూ నా చెయ్యి ఊరుకోలేదు. బూటు పాలిష్ నిలవలేదు. నల్ల పెయింటు రెండు కోట్లు వేశాను.

సుబేదారు తిప్పి చూసి, "ఇప్పుడు ఆయుధమాయ," అన్నాడు.

"మనకే భయమైతాంది కదప్పా," అని నవ్వాడు అన్న.

గేటు డ్యూటీ ఎవరిదైతే పిస్టల్ వాళ్ళ నడుముకు. జూన్ గడిచింది. చినుకు లేదు. గాలిమరల మోత మాత్రం ఆగలేదు. గొర్రెల కాపరులు మా వైపు రావడం మానేశారు. గేటు కాడ తుపాకి మనుషులున్నారన్న మాట కుందుర్పి దాకా పోయింది. మేము సంతోషించాం.

జూలై నెలాఖరు. సాయంత్రం ఐదు ఇరవై. గేటు డ్యూటీ నాది. ఫలితాలు వచ్చాయని నా ఫోనుకు మెసేజి తగిలింది గానీ పేజీ తెరుచుకోలేదు. సిగ్నల్ సరిగా ఉండేది ఏడో మర పక్కన గుట్ట మీదే. అన్న నా నడుము నుంచి పిస్టల్ లాక్కున్నాడు.

"నువ్వు పోయి చూసుకోపో. బి.ఏ. అయితే నీకు నేనే సెల్యూట్ కొట్టల్ల ఇంగ. గేటు నేను చూసుకుంటా."

ఐదు నలభై. తెర మీద నా పేరు, పక్కన పాస్. మూడుసార్లు చదివాను. వాకీటాకీ నొక్కి, "అన్నా, పాసైనా," అన్నాను.

"బొలెరో వస్తాంది," అన్నాడు అన్న. "నలుగురుండారు. నంబరు కనపడల్యా, దుమ్ము."

గుట్టకూ గేటుకూ రెండు వందల మీటర్లు. బండి ఆగింది. నలుగురూ మామూలు బట్టల్లో ఉన్నారు. అన్న పిస్టల్ తీసి రెండు చేతులా పట్టాడు. వాళ్ళలో ముందున్న మనిషీ తీశాడు. ఆ తీసిన తీరు దొంగది కాదు. కాళ్ళు ఎడంగా, మోచేతులు బిగువుగా. మిగతా ముగ్గురు తలుపుల వెనక్కి తప్పుకున్నారు. పోలీసులు. మా గేటు కాడి తుపాకి మాట విని, కేబుల్ దొంగలేమోనని వచ్చారట. ముందున్నది ఎస్సై.

ఆయన ఏదో అరుస్తున్నాడు. మరల మోతలో అన్నకు వినపడలేదు. అన్న పిస్టల్ దించలేదు. పోలీసులని నేను చెబితే నమ్మడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణం లేదు. అన్న భుజానికి తగిలించుకున్న వాకీటాకీలో వినపడేలా ఫైరింగ్ రేంజి ఆర్డరు ఇచ్చాను. తుపాకి ఖాళీ చెయ్యమని ఫౌజులో మేమంతా ఏళ్ళ తరబడి విన్న ఆర్డరు.

"ఖాలీ కర్."

బుద్ధి కంటే ముందు అన్న చేతులు విన్నాయి. పిస్టల్ ఆకాశానికి లేచింది. మ్యాగజైను ఊడి కింద పడింది. స్లైడు వెనక్కి వచ్చింది. పసుపు గుండ్లు కంకర మీద దొర్లాయి. ఎస్సై వాటిని చూశాడు.

నేను పరుగెత్తి చేరేసరికి ఆయన పిస్టల్ దించాడు. "ఇంగొంచెం అయింటే చంపేస్తాంటి కదప్పా నిన్ను," అన్నాడు అన్నతో. అన్న కంకరలో కూర్చుండిపోయాడు. రంగు వేసింది నేనని చెప్పాను. డమ్మీని వాళ్ళు తీసుకుపోయారు.

వారానికి డ్యూటీ ముగిసి ధర్మవరం వచ్చాను. నాయన మగ్గం ఆపి మార్కుల కాగితం అందుకున్నాడు. ఆయనకు చదువు రాదు. "యాడుండాది నీ పేరు?" అన్నాడు. చూపించాను. వేలితో రెండుసార్లు తడిమి, కాగితం పట్టుకుని వీధిలోకి పోయాడు, కనపడిన వాళ్ళందరికీ చెప్పడానికి.

నేనూ అందరికీ చెబుతున్నాను. కానీ ఆ కాగితం విప్పినప్పుడల్లా ఎస్సై కుడి చెయ్యి కనబడుతుంది. పిస్టల్ దించాక కూడా ఆయన చూపుడువేలు ట్రిగ్గరు మీదే బిగుసుకుపోయింది. రాలేదు. ఎడమ చేత్తో పట్టుకుని, మెల్లగా, దాన్ని ఊడదీసుకున్నాడు.