మునెమ్మ అత్త చెవులతో చూసిన అంతరిక్ష సినిమా

మా చిన్నప్పుడు... తమిళ సీమలోని మా ఊరు పాపారపట్టి, అక్కడి రేకుల టాకీసులో ఆదివారం మధ్యాహ్నం ఆట. తమిళంలోకి డబ్ చేసిన అంతరిక్ష సినిమా. నా పక్కన మా నాన్న అక్క, మునెమ్మ అత్త. ఆమెకు చూపు లేదు. సినిమా అంటే మాత్రం ప్రాణం... తెర మీద బొమ్మ నేను చెప్పాలి, మిగతాదంతా ఆమె వింటుంది.

తెరంతా నల్లటి ఆకాశం, అక్కడక్కడా చుక్కలు. ఏదీ కదలడం లేదు. బావి అడుగునుంచి వస్తున్నట్టు ఒకటే మోత మొదలైంది... "ఊఁ..." అని. దాని మీద సన్నగా, చుక్క చుక్కగా "టింగ్... టింగ్...". దాన్ని పలికించేది సింథసైజర్ అనే కరెంటు వాద్యం అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే... కూర్చున్న బెంచీ అదురుతోంది.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏమొచ్చె పాపా?"

"ఏమీ రాలే అత్తా. ఒట్టి చీకటి."

"లేదు... వస్తాంది చూడు."

అంతలోనే చుక్కల్ని మింగుతూ ఓడ వచ్చింది! గట్టిగా కళ్లు మూసుకున్నాను. భయం ఇంకా ఎక్కువైంది.

"కండ్లు కాదు పాపా, చెవులు మూసుకో."

మూసుకుని చూశాను. అంత పెద్ద ఓడా ఇడ్లీ పాత్ర మూతలా కనిపించింది. నవ్వొచ్చింది.

చేతులు తీసేసరికి ఓడ తలుపు తెరుచుకోబోతోంది. సంగీతం టక్కున ఆగిపోయింది... మోత మాత్రం ఆగలేదు. హాలంతా ఊపిరి బిగబట్టి తెరనే చూస్తోంది. అత్త తల పైకెత్తింది.

"ఈ చత్తం సినిమాది కాదు. పైనించి వస్తాంది... తేనీగలు!"

హాలు తలుపులు తీయమని తమిళంలో అరిచింది. ఎవరో నవ్వారు. ఇంతలో ముందు వరుసలో ఒకాయన మెడ పట్టుకుని లేచాడు. స్పీకర్ల అదురుకు దూలం మీది తేనెపట్టు కదిలినట్టుంది... తలుపులు తెరిచి వెలుగు పడేసరికి గాలి నిండా తేనెటీగలే!

అత్త నన్ను కొంగులో చుట్టేసింది. "దోవ చెప్పు, నడుస్తా!"

కొంగు సందులోంచి చూస్తూ "ఎడమకు... మెట్టుంది..." అంటూ ఆమెను బయటికి తెచ్చాను.

నన్ను ఒక్కటీ కుట్టలేదు. అత్త చేతులు రెండూ ఉబ్బిపోయాయి. ఇంటికొచ్చాక అమ్మ సున్నం రాస్తుంటే నేను ఏడుస్తూ కూర్చున్నాను. అత్త మాత్రం, "అది సరే... ఆ ఓడలో ఎవరుండిరో చూడకనే వచ్చేస్తిమే!" అంది.

ఇప్పుడు అత్త లేదు... నా కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో అలాంటి సినిమాలే చూస్తాడు. చప్పుడు ఇంకా గొప్పగా ఉంటుందట. ఉంటుందేమో... పక్కనే కూర్చున్నా నా దాకా రాదు. వాడు ఉలిక్కిపడతాడు, దేనికో నాకు తెలియదు.

బొమ్మ కంటే ముందు చప్పుడుకే మీరు వణికిపోయిన సినిమా ఉందా? అప్పుడు మీ పక్కన ఎవరున్నారు...?