వెలుతురు ముగ్గేదాకా

విశ్వేశ్వరరావుగారి లెక్కలో వెలుతురూ మామిడిపండూ ఒకటే. పచ్చిగా ఉంటే ముట్టుకోరు. దోరగా ఉంటే ఆలోచిస్తారు. ముగ్గితేనే కెమెరా బయటికి తీస్తారు.

రోజూ పొద్దున్నే స్నానం చేసి, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, పరాయిదేశపు బిషాన్ పేటలో తన ఫ్లాట్ ముందున్న వరండాలోకి వచ్చి కుడి అరచెయ్యి ఎండలోకి చాపుతారు. నూజివీడు తోటల్లో పెరిగిన చెయ్యి. కాయని పట్టి బరువు చూసినట్టే ఎండని పట్టి కాస్త ఎగరేసి చూస్తారు. పక్క ఫ్లాటు చైనా మామ్మగారికి తెలుగు ముక్క రాదు గానీ ఈ పరీక్ష మీద మహా గురి.

"అంకుల్, టుడే రైప్ ఆర్ నాట్?"

"నాట్ యెట్ ఆంటీ. హాఫ్ రైప్."

అంతే, ఆవిడ ఆరేయడానికి తెచ్చిన బట్టల గంప చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే రోజుల్లో ఆయన ఒకసారి మధ్యధరా సముద్రంలోని క్రీట్ ద్వీపానికి వెళ్ళారు. అక్కడ ఒక గైడు వెంట కొండలెక్కుతూ, లోయలు దిగుతూ ఫొటోలు తీయడం నేర్చుకున్నారు. రిటైరయ్యాక ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకుంటున్నారు. ప్రతి ఆదివారం పదిమంది తెలుగువాళ్ళని వెంటేసుకుని, అడవో గుట్టో నడిపించి, ఫొటోలు తీయిస్తారు. పైసా తీసుకోరు. పైగా పులిహోర డబ్బా ఆయనే మోసుకొస్తారు. నడిచే దారిలో ఎక్కడో ఒకచోట చెయ్యెత్తి, "ఆగండి, వెలుతురు ఇంకా ముగ్గలేదు" అంటారు. అందరూ కూర్చుంటారు. అది ముగ్గేదాకా కబుర్లూ పులిహోరా. ఆయన "హమ్మయ్య" అన్నాక లేస్తారు.

అందరికీ ఆయనంటే ముద్దు. ఒక్క శశికాంత్‌కే కడుపుమంట.

శశికాంత్ పాయా లేబర్ పేటలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. అతని కెమెరా ముందు విశ్వేశ్వరరావుగారి కెమెరా ఆటబొమ్మ. అతని లెన్సు పెడితే అవతలి గట్టు మీది కొంగ కనురెప్ప వేయడం కనిపిస్తుంది. ఒంటినిండా జేబులున్న కోటు, మూడు కాళ్ళ స్టాండు, సూర్యుడు ఎప్పుడు ఏ మూల ఉంటాడో చెప్పే ఫోను, ఇన్నీ ఉన్నాయి. అయినా గ్రూపులో అతను ఫొటో పెడితే "నైస్" అని ఒక బొటనవేలు. ముసలాయన మసకమసగ్గా ఒక కోతి ఫొటో పెడితే ఊరంతా చప్పట్లు.

అదైనా ఓర్చుకునేవాడేమో. ఓర్చుకోలేనిది భార్య వసుంధర సంగతి.

"సాయంత్రం అలా పార్కు దాకా నడిచొద్దామా?" అని అడిగితే, "నాకు పనుంది" అంటుంది భార్య. పెళ్ళయినప్పటినుంచీ ఫొటో తీస్తానంటే నిమిషం నిలబడదు. ఆదివారం మాత్రం అతనికంటే ముందే బూట్లు తొడుక్కుని తయారు. అక్కడ ఆయన ఆగమంటే అరగంటైనా రాతి మీద కూర్చుంటుంది, నవ్వుతూ!

"ఆయన అడిగితే కూర్చుంటావు. నేను అడిగితే నిలబడవు" అన్నాడొకసారి, కారప్పూస నములుతున్నంత మామూలుగా.

"ఆయన వెలుతురు చూసి ఆపుతారండీ. మీరు ఫోను చూసి ఆపుతారు" అంది వసుంధర.

ఆ కారప్పూస చాలాసేపు గొంతు దిగలేదు.

రాతి సంగతి వేరే చెప్పాలి. హోటళ్ళ సముదాయంలో అన్నానికి వెళ్ళేముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పడేస్తే ఆ చోటు మనదైపోవడం ఇక్కడి ఆచారం. చోప్ చేయడం అంటారు. బల్లల్ని అందరూ చేస్తారు. అడవిలో రాళ్ళని చోప్ చేసిన మనిషి మాత్రం ఈయనొక్కరే. నలుగురికంటే ముందు నడిచి, దారిపక్క మంచి ఎత్తున్న చదునైన రాయి చూసి, దాని మీద టిష్యూ ప్యాకెట్టు పెడతారు.

"అంకుల్, ఈ అడవిలో ఈ రాయికి పోటీ ఎవరు? కోతులా?" అన్నాడు శశికాంత్.

"ఏమో బాబూ, వాటికీ సివిక్ సెన్సు ఉంటుంది. ప్యాకెట్టు చూస్తే కూర్చోవు."

చిత్రమేమిటంటే అందరూ ఒకరికొకరు మర్యాదలు చేసుకుని, చివరికి ఆ రాయి ప్రతిసారీ వసుంధరకే దక్కేది.

మెక్‌రిచీ జలాశయం పక్క అడవిలో, ఎత్తు దారి ఎక్కుతుండగా, తల పైకెత్తితే ఆకాశమే కనబడనిచోట ఆపారు ఒకసారి.

"ఇక్కడ వెలుతురే లేదు కదా అంకుల్!"

"అదే నేనూ అంటున్నాను. ఇంకా రాలేదు. వచ్చాక ముగ్గాలి కదా."

వానలో, జారుడు మెట్ల మీద, గొడుగుల కింద ఆపారు ఇంకోసారి. "వానలో ఏం ముగ్గుతుంది అంకుల్?" అంటే, "గడ్డిలో వేసి కప్పెడితే కాయ ముగ్గట్లేదూ?" అన్నారు. గ్రూపులో సాంబమూర్తి అని భారీ మనిషి ఒకాయన ఉన్నాడు. "లాజిక్కు కరెక్టే" అని రెండోసారి పులిహోర పెట్టించుకున్నాడు.

అన్నిటికీ మించింది రైలు స్టేషన్ ముచ్చట. ఎస్కలేటరు బాగుచేస్తున్నారని ఆ పూట అందరూ మెట్లెక్కాల్సి వచ్చింది. సగం మెట్లు ఎక్కారో లేదో, విశ్వేశ్వరరావుగారు చెయ్యెత్తారు.

"ఆగండి. వెలుతురు ఇంకా ముగ్గలేదు."

శశికాంత్ కేక పెట్టినంత పని చేశాడు. "అంకుల్! ఇవి ట్యూబులైట్లు!"

"అవి మరీ మొండివి బాబూ. ఓ పట్టాన ముగ్గవు."

అక్కడే గోడవార నిలబడి, సిమెంటు మెట్ల ఫొటోలు తీస్తూ ఉండిపోయారాయన. శశికాంత్ కూతురు అనన్య పడిపడి నవ్వి, ఇక్కడి పిల్లల యాసలో అంది, "డాడీ, చిల్ లా! అంకుల్ ఈజ్ సో క్యూట్." ఆ రాత్రి శశికాంత్ భోజనం చేస్తూ తన కుటుంబాన్ని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ఇంట్లో తన పార్టీ అంటూ ఎవరూ మిగల్లేదని తేలింది.

ఇలా ఉండగా అందరూ కలిసి వచ్చే వసంతంలో క్రీట్ ద్వీపానికి వెళ్ళాలని అనుకున్నారు. పెద్దాయన చెప్పే ఆ లోయలూ, ఆ నీలం సముద్రం, కొండల మీది ఆ తెల్ల గుళ్ళూ కళ్ళారా చూసి ఫొటోలు తీసుకోవాలని. నడిపించేది ఎవరన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. శశికాంత్‌కు వచ్చింది.

"అక్కడ లోయ దిగేసరికి పడవ ఉంటుంది. ప్రతి మలుపులోనూ కూర్చుంటే పడవ వెళ్ళిపోతుంది" అన్నాడు అందరి ముందూ. "ఒక ప్లానింగు ఉన్న మనిషి నడిపించాలి. పెద్దవారు, అంకుల్‌కి శ్రమెందుకు?"

అందరూ నేల చూపులు చూశారు. వసుంధర మొహం పాలిపోయింది. విశ్వేశ్వరరావుగారు ఒక్కరే సంతోషపడ్డారు.

"బంగారంలాంటి మాట. ఈ ఆదివారం ఉబిన్ దీవికి నువ్వే నడిపించు బాబూ. అక్కడ బాగా జరిగితే క్రీట్‌కీ నువ్వే. నేను హాయిగా వెనకాల వస్తాను."

శశికాంత్ ఆ వారమంతా నిద్రపోలేదు. ఎక్కడ ఏ కోణంలో ఎండ పడుతుందో మొత్తం గీసి అందరికీ పంపాడు. ఆదివారం తెల్లారకుండానే ఛాంగీ రేవులో అందరినీ పడవెక్కించాడు. ఉబిన్ గుట్ట మన ఊళ్ళలో అయితే గుట్ట అని కూడా అనరు, కానీ పైకెక్కితే పాత రాతి క్వారీలో నిండిన నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. ఆ నీళ్ళ మీద తొలి ఎండ పడే ఘడియకి అక్కడుండాలి. "త్వరగా, త్వరగా! వెలుతురు మన కోసం ఆగదు!" అంటూ ముందు నడిచాడు. ఒక్కచోటా ఆగలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పైకి చేరాడు. స్టాండు నిలబెట్టాడు. అద్భుతమైన ఎండ, బంగారం కరిగించి పోసినట్టుంది. ఆ ఫొటో పడితే ముసలాయన కోతి ఏ మూలకి? మొదట వసుంధరకే చూపించాలని గర్వంగా తిరిగాడు.

వెనకాల అనన్య ఒక్కతే ఉంది, రొప్పుతూ.

"అమ్మేదే?"

"బిహైండ్ లా డాడీ. యూ వాక్ లైక్ యూ మిస్‌డ్ ది లాస్ట్ ట్రైన్. సాంబమూర్తి అంకుల్ కింద రేవు దగ్గరే కూర్చుండిపోయారు, మిగతావాళ్ళు ఆయన దగ్గర."

కెమెరా కూతురికి అప్పగించి శశికాంత్ కిందికి దిగాడు. ముసలాయనా వసుంధరా కలిసి ఎక్కడో వెలుతురు ముగ్గబెడుతూ కూర్చున్నారన్నమాట! ఇవాళ కూడానా! అడుగడుగునా మంట ఎగదన్నుతుంటే రెండో మలుపు దాకా వచ్చి, చెట్టు చాటున టక్కున ఆగిపోయాడు.

వసుంధర ఒక రాయి మీద కూర్చుని ఉంది. కింద టిష్యూ ప్యాకెట్టు. తనను ఎవరూ చూడట్లేదనుకుని రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుని, పళ్ళు బిగించి నొక్కుకుంటోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆమెకు వీపు పెట్టి విశ్వేశ్వరరావుగారు నిలబడ్డారు. ఎదురుగా ఉన్నది ఎందుకూ పనికిరాని తుప్ప. దాన్ని మహాశ్రద్ధగా ఫొటో తీస్తున్నారు.

"నావల్లే మీరూ ఆగిపోయారేమో అంకుల్" అంది వసుంధర.

"నీవల్ల ఏంటమ్మా? ఈ తుప్ప మీద వెలుతురు చూడు, వట్టి పచ్చి. ముగ్గకుండా నేను కదిలేది లేదు. తోడుకి నువ్వున్నావు, అదే పదివేలు."

ఇంతలో మబ్బు కమ్మి ఉన్న కాస్త ఎండా పోయింది. ఆయన కదల్లేదు. కాసేపటికి వసుంధర కొమ్మ పట్టుకుని మెల్లగా లేచింది. చేతి గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు చెవినబడ్డాకే, ఆ చీకటి మబ్బులో, ఆయన వెనక్కి తిరగకుండా, "హమ్మయ్య, ముగ్గింది" అన్నారు.

చెట్టు చాటున శశికాంత్‌కి ఒక్కొక్కటే వరసగా గుర్తొచ్చాయి. అడవిలో ఎత్తు దారి. వానకి జారే మెట్లు. స్టేషన్ ట్యూబులైట్లు. పార్కు దాకా నడవడానికి "పనుంది" అన్న భార్య. అవతలి గట్టు కొంగ కనురెప్ప కనిపెట్టినవాడు ఇంట్లో భార్య మోకాలు చూడలేదు. అంతవరకూ పడిన అసూయలన్నీ ఉత్తుత్తివేననిపించింది. తనకంటే ముందు ఇంకొకరు చూశారన్న అసలైన అసూయ ఇప్పుడు పుట్టింది. దానికి ఆయన్ని కోప్పడదామంటే నోరు రాలేదు, దణ్ణం పెట్టబుద్ధయింది.

తిరుగు పడవ కోసం రేవులో అందరూ కొబ్బరిబొండాలు తాగుతుంటే, ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు.

"అంకుల్, వసుంధర మోకాలు. ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

విశ్వేశ్వరరావుగారు దొంగతనం దొరికినట్టు అటూ ఇటూ చూశారు. "నిరుటి నుంచి బాబూ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాకే ఆ అమ్మాయి చెప్పలేదు. చెప్పని మాట మోసుకొచ్చి నీకెలా చెప్పను? నాకు తెలుసనే తనకు తెలీదు."

"నాకైనా చెప్పుకోవచ్చుగా తను!"

"కిందటేడు తను నాలుగు తుమ్ములు తుమ్మితే పెనాంగ్ యాత్ర టిక్కెట్లు రద్దు చేశావట. మోకాలంటే ఈ ఆదివారాలూ, ఇప్పుడు క్రీటూ మాన్పించేస్తావని భయం కాబోలు. నీకు ఆ ద్వీపం మీద ఎంత ఆశో తనకి తెలుసు కదా."

శశికాంత్ అవతల బెంచీ మీద కూలబడ్డ సాంబమూర్తి వైపు చూశాడు. "మరి సాంబమూర్తి గారికోసం కూడా..."

"ఆయాసం. పైకి ఒప్పుకోడు."

"అయితే వెలుతురు సంగతి?"

"దానికేం, భగవంతుడిచ్చింది ఎప్పుడూ బాగానే ఉంటుంది."

"క్రీట్‌కి మీరే నడిపించాలి అంకుల్. పడవ వెళ్ళిపోతే ఇంకో పడవ ఎక్కుదాం. రేపే తనని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళు. కానీ నీకే మోకాలు నొప్పెడుతోందని చెప్పి తీసుకెళ్ళు. పక్కన కూర్చున్నాక తనదీ చూపిస్తుంది."

"ఇకమీదట మిమ్మల్ని ఒక్క మాట అంటే ఒట్టు."

ఆయన కంగారుపడి శశికాంత్ చెయ్యి పట్టుకున్నారు.

"అదే వద్దు బాబూ! నీకు దణ్ణం పెడతాను, ఒక్క సాయం చేసిపెట్టు. నేను ఆపినప్పుడల్లా ఎప్పట్లాగే విసుక్కో. ఇంకాస్త గట్టిగా విసుక్కున్నా సరే. నువ్వు ఉన్నట్టుండి మంచివాడివైపోతే ఆ అమ్మాయికి అనుమానం వస్తుంది."