పెట్టె మీద చెయ్యి

మా ఆయనకు కుడిపక్క పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు చెయ్యి కదలడం మొదలైంది. స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు. చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. స్పర్శ మాత్రం రాలేదు. తర్వాత అదీ వచ్చేసిందన్నాడు. డాక్టరుకూ, మా వరసలో షెడ్లున్న వాళ్ళకూ, నాకూ అదే చెప్పాడు. నేను సరే అన్నాను. చేతికర్ర పక్కన పెట్టి కూర్చున్నప్పుడు టీ గ్లాసు ఎడమ చేత్తోనే అందుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాను.

ఒడిశా కొరాపుట్‌లో మాది బండ్ల కరెంటు పని చేసే షెడ్డు. ఆయన రాయగడలో పని నేర్చుకుని, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి పెట్టాడు. తొంభైలలో అన్నీ లారీల డైనమోలు, సెల్ఫు మోటార్లే. వాటికి రాగితీగ కాయిలు చుట్టడం నాకు నేర్పాడు. రెండువేలు దాటాక గనుల వాళ్ళ పెద్ద కార్లు రావడం మొదలైంది. మా ఆయన దగ్గర కరెంటు కొలిచే మీటరు ఉండేది గానీ, ముందు నమ్మేది చేతినే. కుడి అరచెయ్యి వైరు మీదో రిలే డబ్బీ మీదో ఆనించి, "ఇక్కడ కాల్తంది" అనేవాడు. ఆ తర్వాతే మీటరు తీసేవాడు. ఘాటీ రోడ్డు ఎక్కి వచ్చే డ్రైవర్లు ఆ చెయ్యి కోసమే మా దగ్గర ఆగేవారు.

జబ్బు తర్వాత షెడ్డు తెరిచిన కొత్తలో, ముసురు పట్టిన ఒకరోజున, జయపురం వైపు నుంచి ఒక విదేశీ కారు ఆవిరి కక్కుతూ వచ్చి ఆగింది. అందులోని ఆఫీసరు వేరే జీపెక్కి రాయగడ వెళ్ళిపోయాడు. డ్రైవరు మిగిలాడు. విజయనగరం వైపు మనిషి, తల నెరిసినవాడు.

"మేస్త్రీ, సాయంత్రానికి బండి రాయగడ సేరకపోతే దొర నన్ను నమిలేస్తాడు. దీనికి నీళ్ళు తిప్పడానిక్కూడా కరెంటు పంపేనట. మా ఊరి నూతికాడ మోటారు నయం. తంతే తిరుగుద్ది."

"దీన్ని తన్నీకు. నీ జీతం సాలదు," అన్నాడు మా ఆయన. జబ్బు చేశాక ఆయన వేళాకోళమాడడం అదే మొదలు. పక్క షెడ్డు టైర్లాయన పని ఆపి చూడడానికి వచ్చాడు.

మామూలు బండిలో నీళ్ళ పంపును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. ఈ కారుకు విడిగా కరెంటు పంపు ఉంది. దాన్ని నడపడానికి పక్కనే ఒక చిన్న అల్యూమినియం పెట్టె ఉంది. నీళ్ళు పోసి ఇంజను నడిపితే పంపు తిరిగింది. కాసేపటికి ఆగిపోయింది. చల్లారనిచ్చి నడిపితే మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది.

"పంపన్నా పట్టేస్తుండాల, నేదా పెట్టె ఏడెక్కి ఆపేస్తుండాల," అని మా ఆయన కుడి అరచెయ్యి పెట్టె మీద ఆనించాడు. చెయ్యి తియ్యకుండానే డ్రైవరుతో అన్నాడు. "పెట్టె సల్లగానే ఉంది. పంపే పోయింది. హైదరాబాదు నుంచి తెప్పించాల."

డ్రైవరు అక్కడే కూలబడ్డాడు. నాకు మాడు వాసన వచ్చింది. కాయిలు చుట్టేదాన్ని, ఆ వాసన తెలుసు. దగ్గరికెళ్ళి ఆయన చేతి పక్కనే నా వేలి వెనకభాగం ఆనించాను. చురుక్కుమంది. లాక్కున్నాను. ఆయన చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

మణికట్టు పట్టుకుని ఎత్తాను. అరచెయ్యి తెల్లబడింది, పెట్టె మీది గాడి గీతలు దాని మీద వరసగా అచ్చుపడ్డాయి. ఆయన దాన్ని చూశాడు. సంతలో ఎవరో చూపించిన వస్తువును చూసినట్టు చూశాడు.

నాకు ఏడుపు రాలేదు. జాలి కూడా రాలేదు. టైర్లాయన ఇటే చూస్తున్నాడని మాత్రం తెలిసింది. అడ్డంగా నిలబడ్డాను.

"పంపుకి ఓపాలి బేటరీ నుంచి డైరెక్టు ఇచ్చి సూద్దునా?" అన్నాను.

ఆయన ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత, "ఇయ్యి," అన్నాడు.

పంపు ప్లగ్గు తీసి, బేటరీ నుంచి ఫ్యూజు వేసిన వైర్లు పెట్టాను. పంపు ఆగకుండా తిరిగింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు. మీటరు చూసి చెప్పాను. లాగాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు లాగడం లేదు.

"పంపు మంచిదే," అన్నాడు, గోడకేసి చూస్తూ.

ప్లగ్గు మళ్ళీ పెట్టమన్నాడు. పంపు తిరుగుతుండగా మీటరు మొన ఒకటి బేటరీ మైనస్‌కు, రెండోది పెట్టె ఎర్తు పిన్నుకు ఆనించమన్నాడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె పైకి పోయింది. ఇంజను ఆపి, పెట్టె ప్లగ్గు విప్పాను. ఎర్తు పిన్ను వదులై, నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. అక్కడ పుట్టిన వేడి పెట్టెకు పాకుతోంది. పెట్టె తాను కాలిపోకుండా పంపును ఆపేస్తోంది. ఆయన చెబుతుంటే పిన్ను మార్చి, లావు ఎర్తు వైరు వేశాను.

డ్రైవరు ఇంజను నడిపాడు. ఈసారి పంపు ఆగలేదు. ఇక పెట్టె వేడి చూడాలి. ఆయన ఎడమ చెయ్యి చేతికర్ర మీద ఉంది. కుడి చెయ్యి కొంచెం లేచి, మళ్ళీ కిందికి దిగింది.

"నువ్వు సూడే," అన్నాడు నాతో. టైర్లాయనకూ వినిపించింది.

ఆనించాను. "ఏడిగుంది."

"ఎంత?"

ఎంతని చెప్పాలో నాకు తెలియలేదు. "టీ గ్లాసంత. పట్టుకోవచ్చు."

"అయితే ఎల్లనీ."

డ్రైవరు తలుపు తీస్తూ నావైపు తిరిగి, "అప్పా, దొరకి ఏటని సెప్పను?" అన్నాడు.

"టీ గ్లాసంతని సెప్పు," అన్నాడు టైర్లాయన. వాళ్ళిద్దరూ నవ్వారు.

ఇంటికెళ్ళాక చేతికి మందు రాసి గుడ్డ కట్టాను.

"నొప్పి నేదు," అన్నాడు.

"తెలుసు," అన్నాను.

స్పర్శ వచ్చేసిందని ఆయన మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. షెడ్డూ మూయలేదు. బండి వస్తే పక్కకు జరిగి నాకు చోటిచ్చేవాడు. నేను చెయ్యి పెట్టి, గోరువెచ్చ, గంజంత, పెనమంత, అని చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని విని, ఏ వైరు విప్పాలో చెప్పేవాడు. చాలా ఏళ్ళకు నేను అక్షరాలు నేర్చుకుని రిలేల మీద రాసింది చదవగలిగాక కూడా, ముందు చెయ్యే పెట్టమనేవాడు.

ఒకసారి గుడారి అనే ఊళ్ళో పెళ్ళికెళ్ళి తిరిగొచ్చాను. షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. బానెట్ ఎత్తే ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని బస్సు దిగే వాళ్ళకేసి చూస్తున్నాడు. నన్ను చూసి, కర్ర ఊతగా లేచి, పక్కకు జరిగాడు.