ఒడ్డు మీద ఆడించిన బోటు

కొత్తగా పెళ్లయిన రోజుల్లో మనిషి నోటికి అదుపుండదు. నాకూ లేదు. అత్తగారి ఊరు అమరావతికి ఎగువన కృష్ణ ఒడ్డునే కదా అని, ఆదివారాలు ఇంటిల్లిపాదినీ సొంత మోటారు బోటులో షికారు తిప్పి నేరుగా మీ రేవులోనే దింపుతానని మా ఆవిడకు మాటిచ్చేశాను. (నరసరావుపేట పక్కన మెట్టపొలాల్లో పెరిగిన నాకు అప్పటిదాకా పడవంటే వానాకాలంలో కాగితంతో చేసేదే.) ఆవిడ ఆ కబురు వెంటనే పుట్టింటికి ఫోన్లో చేరవేసింది. ఇక వెనక్కి తగ్గితే కొత్త అల్లుడి పరువు గంగపాలే.

మా ఇంట్లో గేదెను కొన్నా, సంబంధం చూసినా పెదనాన్నదే ఆఖరి మాట. (సర్పంచి ఎన్నికలో ఊరు ఆయన్ని ఓడించగలిగింది గానీ ఇంట్లో ఎవరివల్లా కాలేదు.) ఫోన్లో ప్రకటన చూసి ఇద్దరం ఏటి ఒడ్డుకు వెళ్లాం. అక్కడ ఒకాయన రెండు పాత బోట్లను దిమ్మెల మీదకు ఎత్తి అమ్మకానికి పెట్టాడు. ఒకటి చిన్నది, ఇంజను మాత్రం అద్దంలా ఉంది. రెండోది వెడల్పాటిది, పైకప్పు ఉంది, ఇంజను తుప్పు పట్టింది. నా మనసు చిన్నదాని మీద పడింది. పెదనాన్న పెద్దదాని పక్కలు చరిచి చూసి, ఆడవాళ్లకు ఎండ తగలదనీ, రేపు పత్తి బస్తాలకూ పనికొస్తుందనీ తేల్చాడు. ఏటిలో పత్తి ఎక్కడిదని నేను అడగలేదు. నీళ్లలోకి దించి చూపిస్తానని, మనుషుల్ని పిలుచుకురావడానికి అమ్మేవాడు ఊళ్లోకి వెళ్లాడు.

పెదనాన్నకు ఆగే అలవాటు లేదు. "ఒరేయ్, కొనేముందు ఇంజను అరగంట ఆడించాల. నీ చిన్నదాని సంగతేందో ఇక్కడే తేలుద్ది" అన్నాడు. మా వైపు ట్రాక్టరైనా నీళ్ల మోటారైనా అలాగే కొంటారు. తాడు లాగాను. కమ్మగా మోగింది. నిండు గ్లాసు తెచ్చి ఇంజను మీద పెట్టించాడు, నీళ్లు తొణకలేదు. నేను వీడియో తీసి మా ఆవిడకు పంపాను. కాసేపటికి పొగ మొదలైంది. చానా రోజులు ఆడకపోతే అట్టాగే వస్తది, రైజ్ చెయ్యమన్నాడు. చేశాను. కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

అప్పుడే తిరిగొచ్చిన అమ్మేవాడు నెత్తి పట్టుకున్నాడు. "ఏంది బాబాయ్, ఏటినీళ్లు లోపలికి లాక్కుంటేనే గదా ఇది చల్లబడేది. ఒడ్డు మీద ఆడిస్తారా ఎవరన్నా?"

పెదనాన్న మీసం సవరించుకుని, మొదటినుంచీ తనకు నచ్చింది చిన్నదేనని ప్రకటించాడు. అలా ఎంపిక ముగిసింది.

మెకానిక్ వాయిదాలు వేస్తుంటే ఆదివారం రానే వచ్చింది. అమ్మనీ మా ఆవిడనీ లైఫ్ జాకెట్లలో బిగించి, పెదనాన్నను ముందు కూర్చోబెట్టి, చచ్చిన ఇంజను వెనకాల మెరుస్తుండగా తెడ్డు నేనే పట్టాను. బోటు గుండ్రంగా తిరిగినంత హుషారుగా ముందుకు సాగలేదు. ఎలాగో రేవు చేరేసరికి అత్తగారి వీధంతా అక్కడే ఉంది. నా చొక్కా పిండితే బిందె నిండేది. పుట్టిన దగ్గర్నుంచీ ఏటినే చూసిన మా మామగారు ఇంజనును చూశారు, బొబ్బలెక్కిన నా చేతుల్నీ చూశారు.

"పెట్రోలు అయిపోయినట్టుందే అల్లుడుగారూ" అన్నారు, అందరికీ వినబడేలా.

అవునన్నాను. దేవుడి మీద లేని భక్తి ఆయన మీద ఆ క్షణాన పుట్టింది. మా ఆవిడ పైట చాటున నవ్వుతోంది.

ఇంజను బాగై ఏళ్లయింది. ఇప్పుడు ఇట్టే చేరిపోతాం, ఎవరూ రేవులో ఎదురుచూడరు. అయినా ఒక్కోసారి ఏటి మధ్యలో మా ఆవిడ ఇంజను ఆపించి, కాసేపు తెడ్డేయమంటుంది. నడుము నొప్పని నసుగుతూనే అందుకుంటాను. బోటు గుండ్రంగా తిరుగుతుంది, ఆవిడ ఇప్పుడు ఏ చాటూ లేకుండా పకపకా నవ్వుతుంది. తిన్నగా తోయడం నాకు ఎప్పుడో వచ్చింది గానీ, ఆ సంగతి ఆవిడకింకా చెప్పలేదు.